ఎదుటివారి బైబులు తెరిచి మాట్లాడటం: సరిహద్దు ఊళ్ల కతోలికులకు ఒక మార్గదర్శి

మా పెద్దమ్మ పోయిన ఏడో రోజున ఆమె ఆత్మశాంతి కోసం గుడిలో గురువుగారితో పూజ (మాస్) పెట్టించాం. భోజనాలయ్యాక మా బావ నన్ను వరండాలోకి పిలిచాడు. అక్కను చేసుకున్న మనిషి, పుట్టుకతో బాప్టిస్టు, ఏ మాటా ఊరికే అనడు. "హెబ్రీ పత్రిక 9:27 చూశావా? మనుషులు ఒక్కసారే చనిపోతారు, ఆ తరువాత తీర్పు. మరి ఇవాళ మీరు పూజ ఎవరి కోసం చేయించారు?" అన్నాడు. నేను గబగబా లోపలికి వెళ్లి నా బైబులు తెచ్చి, మక్కబీయుల రెండవ గ్రంథం 12వ అధ్యాయం తీసి, చనిపోయిన సైనికుల పాప పరిహారం కోసం యూదుల సేనాని యూదా మక్కబీయుడు బలి అర్పించమని పంపిన భాగం చదివి వినిపించాను. బావ తన నల్ల అట్ట బైబులు తిరగేశాడు. మలాకీ తరువాత మత్తయి. "నా దాంట్లో లేదు" అన్నాడు. అంతే. ఇద్దరం కాసేపు వీధి వైపు చూస్తూ కూర్చున్నాం.

నేను చదివింది తప్పు కాదు. తప్పుడు పుస్తకం తెరిచాను, అంతే. ఈ వ్యాసమంతా ఆ వరండాలోంచి పుట్టిందే.

ఒడిశాలోని పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపురం వైపు తెలుగు కుటుంబాలలో ఇది ఇంటింటి వ్యవహారం. మహేంద్రతనయ దాటితే పాతపట్నం, అక్కడి నుంచి ఆంధ్ర. ఈ ప్రాంతంలో కెనడా బాప్టిస్టు మిషనరీలు ఎన్నో ఏళ్లు పనిచేశారు, కొరాపుట్ వైపు వెళితే లూథరన్ సంఘాలున్నాయి. 1846లో విశాఖపట్నం చేరిన ఫ్రెంచి గురువులు గంజాం కొండల దాకా కతోలిక విశ్వాసాన్ని తీసుకువెళ్లారు, 1922 నుంచి స్పెయిన్ గురువులు ఆ పని అందుకున్నారు. బరంపురం మేత్రాసనం, అంటే ఒక బిషప్పుగారి పరిధి, 1974లోనూ, రాయగడ మేత్రాసనం 2016లోనూ ఏర్పడ్డాయి. కాబట్టి ఒకే ఇంట్లో జపమాల చెప్పే అత్తగారూ, జపమాల ఎందుకని అడిగే కోడలూ ఉండటం మనకు వింత కాదు. వాదన గెలిచి, పండుగకు రావలసిన చుట్టాన్ని పోగొట్టుకుంటే ఏం లాభం? పేతురు మొదటి పత్రిక 3:15లో మన నిరీక్షణకు కారణం అడిగినవారికి జవాబు చెప్పడానికి సిద్ధంగా ఉండమన్నాడు. అదే వాక్యంలో మృదువుగా, మర్యాదగా అని కూడా అన్నాడు. మొదటి సగం మనకు కంఠతా వచ్చు.

మొదటి మెట్టు: బల్ల మీద రెండు బైబుళ్లు

మీ ఇంట్లో బాప్టిస్టులు, లూథరన్లు చదివే 66 పుస్తకాల తెలుగు బైబులు ఒకటి తప్పనిసరిగా ఉంచుకోండి. మన 73 పుస్తకాల బైబులు ఎలాగూ ఉంటుంది. తేడా పాత నిబంధనలోనే: తోబీతు, యూదితు, సొలోమోను జ్ఞానగ్రంథం, సీరా పుత్రుడైన యేసు జ్ఞానగ్రంథం, బారూకు, మక్కబీయుల రెండు గ్రంథాలు, వీటితో పాటు ఎస్తేరు, దానియేలు గ్రంథాలలో కొన్ని భాగాలు. కొత్త నిబంధనలో 27 పుస్తకాలూ ఇద్దరికీ ఒకటే. అందుకే నియమం: మాట ఎప్పుడూ ఎదుటివారి బైబులులో ఉన్న పుటతో మొదలుపెట్టాలి. మక్కబీయుల గ్రంథం చివరికి రావచ్చు, మొదటికి రాకూడదు.

"ఆ ఏడు పుస్తకాలు మీరు తరువాత కలిపారు" అని ఎవరైనా అంటే తొందరపడకండి. 393లో హిప్పో, 397లో కార్తేజీ సభలు ఈ పుస్తకాలతో కూడిన పట్టికనే ఇచ్చాయి. 1546లో కతోలిక బిషప్పుల త్రెంతు మహాసభ పాత పట్టికనే ఖాయం చేసింది. 1611లో ఇంగ్లండులో అచ్చయిన కింగ్ జేమ్స్ బైబులులో కూడా ఈ పుస్తకాలు రెండు నిబంధనల నడుమ వేరే భాగంగా ఉండేవి. ఇంతవరకు చెప్పి ఆగండి. దీని మీద గంట మాట్లాడితే అసలు ప్రశ్న మరుగున పడిపోతుంది.

ఇంకొక చిక్కు భాషది. మన పిల్లలు బడిలో ఒడియా చదువుతారు. తెలుగు మాట్లాడతారు కానీ తెలుగు లిపి కూడబలుక్కుంటూ చదువుతారు. వాళ్ల చేతికి ఒడియా బైబులు ఇవ్వండి, అధ్యాయం, వచనం అంకెలు దాదాపు అన్నిచోట్లా అవే. పైగా గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠం చెప్పిన ఊరు పర్లాకిమిడి. జనం మాట్లాడే భాషలోనే జనానికి చెప్పాలని పట్టుబట్టిన మనిషి తిరిగిన వీధుల్లో, ఎవరికీ అర్థంకాని గ్రాంథికంలో విశ్వాసం వివరించడం నాకైతే సిగ్గనిపిస్తుంది.

రెండవ మెట్టు: మాటల అనువాదం

తెలుగులోనే మనకూ వారికీ రెండు నిఘంటువులున్నాయి. మనం జ్ఞానస్నానం అంటాం, వారు బాప్తిస్మం అంటారు. మన దివ్యసత్ప్రసాదం వారికి ప్రభువు బల్ల. మన శ్రీసభ వారి సంఘం. మనం పునీతులు అనే మాట వారికి పరాయిది, పరిశుద్ధులు అంటే వెంటనే తెలుస్తుంది. ఉత్తరించు స్థలం, అంటే చనిపోయినవారి ఆత్మలు మోక్షానికి ముందు శుద్ధి పొందే స్థితి, అన్న మాటైతే వినగానే ముఖం చిట్లిస్తారు. కాబట్టి ముందు వారి మాట వాడి, తరువాత మన మాట పరిచయం చేయండి. మా ఊరి ఉపదేశి (గుడి తరఫున విశ్వాసం నేర్పే మనిషి) ఒకాయన ఎప్పుడూ "మీరు బాప్తిస్మం అంటారే, మేము దాన్నే జ్ఞానస్నానం అంటాం" అని మొదలుపెట్టేవాడు. అవతలి మనిషి భుజాలు అప్పుడే కాస్త దిగేవి.

అడిగేవారు ఎవరో కూడా చూసుకోవాలి. తెలుసుకోవాలని అడిగేవారు, ఇరికించాలని అడిగేవారు, తమ సందేహాన్ని మన మీద పెట్టి అడిగేవారు. ఈ మూడో రకం వారు మన ఇళ్లలోనే ఎక్కువ. వారికి జవాబు కన్నా తోడు కూర్చోవడం అవసరం.

మూడవ మెట్టు: పది వచనాలు పైకి, పది వచనాలు కిందికి

ఈ ఒక్క అలవాటు పట్టుబడితే మిగిలినదంతా దానంతట అదే వస్తుంది. ఎవరైనా ఒక వచనం చూపిస్తే, జవాబుగా ఇంకో వచనం విసరకండి. "దీని పైనుంచి చదువుదామా?" అనండి. వారినే చదవనివ్వండి.

చిన్న ఉదాహరణ. "దేవునికీ మనుషులకూ మధ్యవర్తి ఒక్కడే, క్రీస్తు యేసు. మరి మీరు పునీతులను ఎందుకు వేడుకుంటారు?" అని తిమోతి మొదటి పత్రిక 2:5 చూపిస్తారు. అదే అధ్యాయం మొదటి వచనం చదివించండి. అందరి కోసం విజ్ఞాపనలు, ప్రార్థనలు చేయమని పౌలు అక్కడే అడుగుతున్నాడు. క్రీస్తు ఒక్కడే మధ్యవర్తి కాబట్టి ఒకరి కోసం ఒకరు ప్రార్థించకూడదని పౌలు అనుకోలేదు, ఆయన ద్వారానే ప్రార్థించమన్నాడు. ఇక పరలోకంలో ఉన్నవారు మన కోసం ప్రార్థిస్తారా అన్నది తరువాతి ప్రశ్న. దానికి దర్శన గ్రంథం 5:8 తీయండి, వారి బైబులులో దాని పేరు ప్రకటన గ్రంథం. పెద్దలు పరిశుద్ధుల ప్రార్థనలను ధూపంగా పట్టుకొని గొర్రెపిల్ల ముందు సాగిలపడతారు.

ఇప్పుడు పెద్ద ఉదాహరణ: యోహాను 6. దివ్యసత్ప్రసాదంలోని అప్పం నిజంగా క్రీస్తు శరీరమని మనం నమ్ముతాం, గుర్తు మాత్రమేనని వారంటారు. దీన్ని నిదానంగా చేయాలి, ఒక సాయంత్రం మొత్తం దీనికే కేటాయించండి.

వారు సాధారణంగా చూపేది 63వ వచనం: ఆత్మయే జీవమిస్తుంది, మాంసం నిష్ప్రయోజనం. "చూశావా, అప్పం గుర్తు మాత్రమే" అంటారు. అధ్యాయం మొదటికి వెళ్లండి. అయిదు వేల మందికి రొట్టెలు పెట్టడం, మన్నా ప్రస్తావన, తరువాత 51వ వచనంలో నేనిచ్చే ఆహారం నా శరీరమే అన్న మాట. 52లో యూదులు తమలో తాము వాదించుకుంటారు: ఈయన తన శరీరాన్ని తినడానికి మనకు ఎలా ఇవ్వగలడు? ఇక్కడ చదవడం ఆపి అడగండి: "అది పోలికే అయితే, ఇక్కడ యేసు ఏమి చెప్పి ఉండాలి?" ఎవరైనా "నేను పోలికగా చెప్పాను" అంటారనే అనుకుంటారు. ఆయన అలా అనలేదు. మరింత గట్టిగా చెప్పాడు. 54వ వచనం నుంచి గ్రీకు మూలంలో తినడానికి వాడిన క్రియ కూడా మారుతుంది, నమలడం అని అర్థమిచ్చే మోటు మాట అది. 60లో శిష్యులే ఇది కఠినమైన మాట అన్నారు. 66లో చాలామంది వెళ్లిపోయారు. ఆయన వెనక్కి పిలవలేదు. పన్నెండుమంది వైపు తిరిగి మీరు కూడా వెళ్లిపోతారా అని అడిగాడు.

పోలికను అపార్థం చేసుకున్నప్పుడు యేసు సరిదిద్దిన చోట్లు సువార్తలలోనే ఉన్నాయి. మత్తయి 16లో పరిసయ్యుల పులిసిన పిండి అంటే శిష్యులు రొట్టెల గురించి అనుకున్నారు, ఆయన విడమరచి చెప్పాడు. యోహాను 11లో లాజరు నిద్రపోయాడంటే మామూలు నిద్ర అనుకున్నారు, చనిపోయాడని స్పష్టంగా చెప్పాడు. ఆరవ అధ్యాయంలో మాత్రం సరిదిద్దలేదు. నేనే ద్వారాన్ని అని యోహాను 10లో అన్నప్పుడు ఈయన చెక్కతో చేసినవాడా అని ఎవరూ లేచి పోలేదు కూడా. 63వ వచనంలో ఉన్నది "నా మాంసం" కాదు, "మాంసం" మాత్రమే. లోక జీవం కోసం ఇస్తానన్న తన శరీరాన్నే మరుక్షణం నిష్ప్రయోజనం అంటాడా? యోహాను 8:15లో మీరు శరీరాన్ని బట్టి తీర్పు తీరుస్తున్నారు అన్నప్పటి అర్థమే ఇక్కడా. చివరికి కొరింతీయులకు మొదటి పత్రిక 11:27 చదివించండి. అయోగ్యంగా తిన్నవాడు ప్రభువు శరీరం, రక్తం విషయంలో అపరాధి అవుతాడు. గుర్తును అవమానిస్తే శరీరం విషయంలో అపరాధం ఎలా అవుతుంది?

ఇంత చెప్పాక వారు ఒప్పుకోకపోవచ్చు. మా బావ ఒప్పుకోలేదు. కానీ "ఈ అధ్యాయం నేను ఎప్పుడూ ఏకబిగిన చదవలేదు" అన్నాడు. ఆ సాయంత్రానికి అది చాలు.

నాలుగవ మెట్టు: స్వరూపాల ప్రశ్న రెండు వైపుల నుంచి

మన ప్రాంతంలో ఈ ప్రశ్నకు రెండు ముఖాలున్నాయి, ఇది పుస్తకాలలో దొరకదు. బాప్టిస్టు చుట్టం "విగ్రహారాధన" అంటాడు. పక్కింటి హిందూ పెద్దమనిషి ఆప్యాయంగా "మీరూ మాలాగే విగ్రహాలకు దండలు వేస్తారు కదా" అంటాడు. ఒకరికి ఒక మాట, మరొకరికి ఇంకో మాట చెప్పకూడదు. ఇద్దరూ ఒకే వరండాలో కూర్చుని విన్నా చెల్లే జవాబు కావాలి.

నిర్గమకాండం 20:4-5 ముందుగా మీరే తీయండి, వారు తీసే దాకా ఆగకండి. ప్రతిమలు చేసి వాటికి సాగిలపడవద్దన్న ఆజ్ఞ నిజం, మనకూ వర్తిస్తుంది. ఆ తరువాత అదే గ్రంథం 25:18. అదే దేవుడు మందసం మీద బంగారు కెరూబుల ప్రతిమలు చేయమన్నాడు. సంఖ్యాకాండం 21లో కంచు సర్పం చేయించాడు, దాన్ని చూసినవారు బతికారు. అదే సర్పానికి ప్రజలు ధూపం వేయడం మొదలుపెట్టినప్పుడు హిజ్కియా రాజు దాన్ని ముక్కలు చేశాడు (రాజుల రెండవ గ్రంథం 18:4). ఈ చివరిది దాచకండి. ప్రతిమ ఉండటం తప్పు కాదనీ, దానికి దేవుని స్థానం ఇవ్వడం తప్పనీ ఆ ఒక్క వస్తువు కథే రెండూ చెబుతుంది. మన పండుగల్లో ఎవరైనా ఆ గీత దాటుతుంటే ఒప్పుకోండి. నేను చూశాను, కొందరు దాటుతారు.

ఇక వంగడం అంటారా, యాకోబు అన్న ఏశావు ముందు ఏడుసార్లు సాగిలపడ్డాడు (ఆదికాండం 33:3). సొలోమోను రాజు తన తల్లి వస్తే లేచి, వంగి నమస్కరించి, తన కుడివైపు ఆసనం వేయించాడు (రాజుల మొదటి గ్రంథం 2:19). పెద్దవారి కాళ్లకు దండం పెట్టే మనకు గౌరవం వేరు, ఆరాధన వేరు అని వివరించడం అసలు కష్టం కాకూడదు.

అయిదవ మెట్టు: మరియమాత, తెలుగు వరసలు

దేవదూత వందనం లూకా 1:28లో ఉంది. వారి బైబులులో దయాప్రాప్తురాలా నీకు శుభము అని ఉంటుంది, మన జపంలో దేవ వరప్రసాదము చేత నిండిన మరియమ్మా అంటాం. రెండూ ఒకే గ్రీకు మాటకు తెలుగులే. స్త్రీలలో ఆశీర్వదింపబడినవారు అన్నది ఎలిజబెత్తమ్మ మాట, 1:42. అంటే జపంలో మొదటి సగం దాదాపు లేఖనమే. "ఒకే మాట మళ్లీ మళ్లీ ఎందుకు?" అంటే కీర్తన 136 ఇద్దరూ కలిసి బిగ్గరగా చదవండి. 26 వచనాలలో 26సార్లు ఒకే పల్లవి. గెత్సేమనిలో యేసు మూడోసారి కూడా అవే మాటలతో ప్రార్థించాడని మత్తయి 26:44 చెబుతుంది. మత్తయి 6:7లో కూడనిది పలవరింత, పునరుక్తి కాదు.

యేసు సోదరుల ప్రశ్నకు మన భాషే సగం జవాబు. మత్తయి 13:55లో యాకోబు, యోసేపు, సీమోను, యూదా అని పేర్లున్నాయి. అడిగినవారిని ఒక్క మాట అడగండి: మీ పెదనాన్న కొడుకును ఏమని పిలుస్తారు? అన్న అనే కదా. పిన్ని కొడుకు తమ్ముడే. బడిలో ఎవరైనా "వాడు నీకేమవుతాడు?" అంటే "మా తమ్ముడు" అంటాం కానీ వంశవృక్షం గీసి చూపించం. హీబ్రూ, అరమాయిక భాషల తీరూ అంతే. ఆదికాండం 13:8లో అబ్రాము లోతుతో అన్న మాట మూలంలో "మనం సోదరులం" అని ఉంది, లోతు అతనికి అన్నదమ్ముని కొడుకు. పైగా మత్తయి 27:56 దగ్గర సిలువ వద్ద ఉన్న వేరొక మరియను యాకోబు, యోసేపుల తల్లి అన్నారు. యోహాను 19:26-27లో యేసు తల్లిని శిష్యునికి అప్పగించాడు. ఇంట్లో ఇంకా నలుగురు కొడుకులుంటే మన ఊళ్లో అలా చేస్తారా?

నిజాయతీగా ఒక మాట. ఇవన్నీ కలిపినా మరియమ్మ నిత్యకన్య అని రుజువు కాదు. ఆ వచనం దానికి అడ్డు కాదని మాత్రమే తేలుతుంది. ఆ విశ్వాసం శ్రీసభ పరంపరలో వచ్చింది. ఉన్నంతే చెప్పండి.

ఆరవ మెట్టు: "బైబులులో ఎక్కడుంది?" అన్న ప్రశ్ననే అడగడం

ప్రతి సంభాషణా చివరికి ఇక్కడికే వస్తుంది. తిమోతి రెండవ పత్రిక 3:16 చూపిస్తారు: ప్రతి లేఖనమూ దైవప్రేరితం, ఉపదేశానికి ప్రయోజనకరం. అవును. ప్రయోజనకరం అన్నాడు, అదొక్కటే చాలు అనలేదు. 15వ వచనం చదివించండి. తిమోతి చిన్ననాటి నుంచి ఎరిగిన లేఖనాలు పాత నిబంధనే, అతని బాల్యంలో సువార్తలు ఇంకా రాయలేదు. తెస్సలోనికయులకు రెండవ పత్రిక 2:15లో పౌలు మా నోటిమాట వలన గాని, పత్రిక వలన గాని నేర్చుకున్న సంప్రదాయాలను పట్టుకోమన్నాడు. తిమోతి మొదటి పత్రిక 3:15లో సత్యానికి స్తంభం, ఆధారం అని సంఘాన్నే అన్నాడు. సున్నతి వివాదం వచ్చినప్పుడు అపోస్తలులు ఎవరి ఇంట్లో వారు చదువుకొని తేల్చుకోలేదు, యెరూషలేములో సభ కూడారు (అపోస్తలుల కార్యాలు 15).

శ్రీసభలో పేతురుకు ఉన్న స్థానం సంగతి దీనికి ఆనుకునే ఉంది. మత్తయి 16:18లో యేసు అన్న మాట తెలుగులో "నీవు పేతురువు, ఈ బండమీద" అంటే రెండు మాటలకు సంబంధం కనబడదు. యోహాను 1:42 తీస్తే కేఫా అన్న పేరుకు అర్థం రాయి అని అక్కడే ఉంది. యేసు మాట్లాడిన అరమాయికంలో పేరూ బండా ఒకే మాట. ఆ తరువాతి వచనంలో పేతురుకు ఇస్తానన్న తాళపుచెవులకు యెషయా 22:22 చూపండి.

పాపసంకీర్తనానికి, అంటే గురువు ముందు పాపాలు ఒప్పుకోవడానికి, ఒక్క పుట చాలు: యోహాను 20:21-23. మీరు ఎవరి పాపాలు క్షమిస్తే అవి క్షమింపబడతాయి, ఎవరివి నిలిపి ఉంచితే అవి నిలిచిపోతాయి అన్నాడు. ఏది క్షమించాలో, ఏది నిలపాలో వినకుండా ఎలా తెలుస్తుంది?

జాగ్రత్తలు

ఒడిశాలో 1967 నాటి మతస్వేచ్ఛ చట్టం బలవంతం, ప్రలోభం, మోసం ద్వారా మతం మార్చడాన్ని నిషేధిస్తుంది. ఇక్కడ మనం మాట్లాడుతున్నది మన విశ్వాసం గురించి అడిగినవారికి జవాబు చెప్పడం. అడగనివారి వెంట పడకండి, అనారోగ్యంలోనో అప్పులోనో ఉన్నవారి దగ్గర ఈ మాటల కోసం బైబులు అసలు తెరవకండి. చావు ఇంట్లో వాదన పెట్టుకోకండి, అది నేను చేసి చూశాను. తెలియనిది అడిగితే "వచ్చే ఆదివారం విచారణ గురువుగారిని (మన గుడి ఫాదరుగారిని) అడిగి చెబుతాను" అనండి, నిజంగా అడిగి చెప్పండి. ఒక వంద పుటల నోటు పుస్తకం పెట్టుకోండి. ఎడమ పుటలో వారు చూపిన వచనం, కుడి పుటలో దాని పైనా కిందా ఉన్నది.

ఇక బావ ప్రశ్న. ఏడాది తరువాత నవంబరు 2న సమాధుల దగ్గర కొవ్వొత్తులు వెలిగించి ఇంటికి వచ్చాక, అతని నల్ల అట్ట బైబులునే తెరిచాను. కొరింతీయులకు మొదటి పత్రిక 3:13-15: ఒకని పనిని అగ్ని పరీక్షిస్తుంది, పని కాలిపోతే అతనికి నష్టం కలుగుతుంది, అతను మాత్రం అగ్నిలోంచి దాటినట్టు రక్షింపబడతాడు. నరకంలో రక్షణ లేదు, మోక్షంలో నష్టం లేదు. మరి ఈ అగ్ని ఎక్కడిది? హెబ్రీ 9:27 చెప్పిన తీర్పు మేమూ నమ్ముతాం, తీర్పు తరువాత శుద్ధి గురించి మాట్లాడుతున్నాం అన్నాను. ఆ తరువాతే, అతనే అడిగితే, మక్కబీయుల గ్రంథం తీశాను. ఈసారి పూర్తిగా చదివాడు.

చదివి, పుటలు వెనక్కీ ముందుకూ తిప్పి, అదే కొరింతీయుల పత్రికలో 15:29 మీద వేలు పెట్టాడు. "చనిపోయినవారి కోసం బాప్తిస్మం పొందేవారని ఇక్కడుందే, ఇదేమిటి? మీకు తెలుసా? మా పాస్టరుగారిని అడిగితే దాటవేశారు." నాకూ తెలియదని చెప్పాను. మా గురువుగారు నాలుగు రకాల వివరణలు చెప్పి, తనకు ఏదీ పూర్తిగా నచ్చలేదన్నారు. నా నోటు పుస్తకంలో ఆ వచనానికి ఎదురుగా కుడి పుట ఇంకా ఖాళీగానే ఉంది.